మూడుసార్లు అడిగే మిస్త్రీ

కలకత్తాలో మా గార్డెన్ రీచ్ సందులో కార్లకి స్పీకర్లు పెట్టే పాటల పెట్టెలు అమర్చే బెంగాలీ మిస్త్రీ ఒకడుండేవాడు. చెక్క చట్రం మీద గుడ్డ సాగదీసి బిగించి, జిగురులాంటి రెజిన్ పూసేవాడు. గుడ్డ రాయైపోయేది. దాన్ని నున్నగా గీకి పైన రెక్సిన్ తొడిగేవాడు. అయితే, ఎవరి గుడ్డకైనా రెజిన్ పూసేముందు వాళ్లని మూడుసార్లు అడగందే చెయ్యి కదిపేవాడు కాదు.

మా అబ్బాయి కారుకి ఆ పని పెట్టినప్పుడు, కొత్త గుడ్డ దండగని, చనిపోయిన మా ఆయన శాలువా పట్టుకెళ్లాను. ఆయన బట్టల్లో మిగిలింది అదొక్కటే. మిస్త్రీ దాన్ని చట్రం మీద సాగదీసి పిన్నులతో బిగించాడు.

"పుయ్యమంటారా, మాసీమా? మళ్లీ గుడ్డ అవదు." మాసీమా అంటే వాళ్ల భాషలో పిన్నీ అని.

"పుయ్యి నాయనా."

గట్టిపడే మందు వేసి రెజిన్ కలిపాడు. "పుయ్యనా?"

"ఏటయ్యా, చెవుడా నీకు? పుయ్యమన్నాను కదా!"

బ్రష్షు ముంచి మూడోసారి అడిగాడు. నేను శాలువా అంచు పట్టుకున్నాను.

అతను పిన్నులు పీకి, శాలువా దులిపి, మడిచి నా చేతిలో పెట్టాడు. తన దగ్గరున్న కొత్త గుడ్డ కొలిచి బిగించేసరికి, కలిపిన రెజిన్ డబ్బాలోనే గడ్డకట్టేసింది. దాన్ని పక్కన పెట్టి ఇంకో డబ్బా కలిపాడు.

గుప్పెడు ఉప్పు పారబోసినా ఊరుకోని దాన్ని. ఆ డబ్బా పాడైనందుకు ఎవరిని తిట్టాలో ఆరోజు తెలవలేదు. ఇప్పటికీ తెలవడం లేదు.