దీపాలవేళ పూలజడ ఫోటో

మొన్న సాయంత్రం మంగినపూడి బీచిలో, పెళ్ళి కుదిరిన ఒక జంటకి ఫోటోలు తీస్తున్న కుర్రాణ్ణి చూశాను. పొద్దు వాలిపోతున్నా అతనికి తొందరే లేదు. తీసిన ప్రతి ఫోటో అప్పటికప్పుడు చూసుకుని, నచ్చనిది చెరిపేసి, మళ్ళీ తీస్తున్నాడు. ఒడ్డున కూర్చున్న నాకేమో గుండె దడదడలాడింది. ఎండ పోతోంది నాయనా, త్వరగా కానియ్యి అని లేచి చెప్పబోయి ఆగాను. రీలు కెమెరాలతో పని చేసిన నా ఈడువాళ్ళకి ఆ దడ తెలుసు.

డెబ్భైల చివర్లో, ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, నేను బందరులో మా మేనమామ స్టూడియోలో కొత్తగా కెమెరా పట్టినవాణ్ణి. అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్ళో సీమంతం ఫోటోకి మావయ్య నన్ను ఒక్కణ్ణే పంపాడు. పూలజడ ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది, అమ్మాయి వెనక నిలువుటద్దం పెట్టి మొహమూ జడా ఒకే బొమ్మలో పడేలా తియ్యాలి. ఆ అమ్మాయి అత్తవారింట్లో కరెంటు లేదు, ఫ్లాషు వేస్తే మొహాలు సున్నం కొట్టినట్టు వచ్చేవి, అందుకని సాయంత్రం నీరెండలో, పెరట్లో తీస్తానన్నాను. తీరా జడ కుట్టే ఆడవాళ్ళ కబుర్లు తెమిలేసరికి ఎండ తాటిచెట్ల మీదికి దిగిపోయింది.

రీలు కూడా చివరికొచ్చేసింది. అద్దం సర్ది, కెమెరా పైనున్న గాజుపలకలోకి వంగి చూస్తుంటే ఆ అమ్మాయి మెల్లగా, "అన్నయ్యగారూ, అద్దం కాస్త పశువుల పాక వైపు తిప్పుతారా?" అంది. ఎందుకో అర్థం కాక అటు చూశాను. పాక గుంజని ఆనుకుని ఆ అమ్మాయి తల్లి నిలబడి ఉంది. ఉప్పెనలో భర్తని పోగొట్టుకున్న మనిషి. శుభకార్యంలో ఎదురుపడకూడదని, కన్నకూతురికి గాజులు కూడా తొడగకుండా పొద్దుటినుంచీ అక్కడే ఉండిపోయింది. పక్కన నిలబెట్టి తియ్యమంటే అత్తగారు ఒప్పుకోరు, ఆ తల్లీ ఒప్పుకోదు. కనీసం అద్దంలోనైనా అమ్మ ఉండాలని ఆ పిల్ల ఆశ.

తిప్పాను. తిప్పగానే పాక వెనకనుంచి ఎండ అద్దంలో పడి సూటిగా లెన్సులోకి కొట్టింది. పొద్దు ఇంకాస్త దిగితే తప్ప తియ్యలేను, మరీ దిగితే పాక దగ్గర చీకటి పడిపోతుంది. ఈలోగా అత్తగారు రానే వచ్చింది.

"ఏవయ్యా, అసురసంధ్య వేళ కడుపుతో ఉన్న పిల్లని ఎంతసేపు నిలబెడతావు? నువ్వు లోపలికి రామ్మా," అంది.

ఒక్క క్షణం పిన్నిగారూ అంటూ మళ్ళీ గాజుపలకలోకి వంగాను. ఆవిడ ఒక్కసారి అద్దంలోకి తొంగి చూస్తే ఆ పిల్ల ఆశ అక్కడితో సరి. పొద్దు చెట్ల వెనక్కి జారడం, గాజుపలకలో ఆ తల్లి మొహం తేలడం, నేను నొక్కడం ఒక్కసారే జరిగాయి.

రీలు కడిగి చూసుకునేదాకా నాకు అన్నం సయించలేదు. మొహమూ జడా తల్లీ, అన్నీ పడ్డాయి. పడ్డాయి గనకే కాపీ పట్టుకుని ఆ ఊరు వెళ్ళిన రోజు ఇంకా భయపడ్డాను. అత్తగారు దాన్ని గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ అమ్మాయి తలుపు పట్టుకుని, తల వంచుకుని నిలబడింది. చివరికి అత్తగారు, "మా వియ్యపురాలికి కూడా ఒక కాపీ వేసి పట్రా నాయనా," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అలాంటి తల్లులు పిల్లల పక్కన, ఫోటో మధ్యలోనే నిలబడుతున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. చూసినప్పుడల్లా నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. అయితే అందరూ కెమెరా వైపే చూస్తుంటారు. తనని ఫోటో తీస్తున్నారని కూడా తెలియక, పాక గుంజ పట్టుకుని కూతుర్నే చూస్తూ ఉండిపోయిన ఆ తల్లి చూపు మాత్రం మళ్ళీ ఏ ఫోటోలోనూ నాకు కనపడలేదు.