కరుణమ్మ కడిగిన డబ్బా

2022 ఎండాకాలం. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో నా మెకానిక్ షెడ్డు. ఒక సోమవారం ప్రభుదాసు తన పాత పికప్ బండిని నలుగురితో తోయించుకుంటూ వచ్చాడు. కోయిలకుంట్ల నుంచి శనగలు తోలి బతికే మనిషి. దారిలో ఇంజన్ కాగిపోయి ఆవిర్లు కక్కిందట.

ఇంజన్ వేడిని లాగేసేది కూలెంట్. చాలామంది బోరు నీళ్ళతో సరిపెట్టుకుంటారు. మా నీళ్ళలోని ఉప్పు రేడియేటర్ లోపల గారలా పేరుకుని దారి మూసేస్తుంది. కొనేవాళ్ళేమో రంగు చూసి కొంటారు. రంగు కంపెనీవాడి ఇష్టం, చూడాల్సింది బండి పుస్తకంలో రాసిన రకం. ఈ ఉపన్యాసమంతా ప్రభుదాసుకు ఇచ్చి, ఆ రకం ఆకుపచ్చ కూలెంట్ పోసి, రేడియేటర్ పక్కనుండే తెల్ల రిజర్వాయర్ డబ్బాను మార్కు దాకా నింపి పంపాను.

మరుసటి సోమవారం మళ్ళీ వచ్చాడు. డబ్బాలో చుక్క లేదు. ఎక్కడా కారడం కూడా లేదు. మళ్ళీ నింపాను. మూడో సోమవారమూ అదే కథ. పైపులన్నీ తడిమి, బండి కింద పడుకుని చూసి, చివరికి పెద్ద డాక్టరులా మొహం పెట్టాను.

"హెడ్ గ్యాస్కెట్ పోయింటాది ప్రభూ. ఇంజన్ విప్పాల."

అది ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే పలుచని రేకు. అది పోతే కూలెంట్ లోపలే కాలిపోతుంది.

ప్రభుదాసు మొహం వాడిపోయింది. "ఈ ముసలిబండికి అంత ఖర్చు యాడ పెడతానన్నా? అమ్మేస్తా. మల్ల కూలికి పోతా."

నాకు మనసు చివుక్కుమంది. అయినా నా మాట మీద నాకు ఎంత నమ్మకమో!

మరునాడు అతన్ని వెంటబెట్టుకుని తల్లి కరుణమ్మ షెడ్డుకే వచ్చేసింది.

"ఏమప్పా, ఏం రోగమొచ్చిందని మా బండిని అమ్మేయమంటాండావు? ఆదివారం మా వీధోళ్ళంతా దాంట్లోనే చర్చికి పోతాం. శనివారం శనివారం నేనే కడిగి అద్దం మాదిరి పెడతాండా!"

"పైపైన కడిగితే సాలదమ్మా, లోపల..."

"లోపల కూడా కడుగుతాండా! ఆ తెల్లడబ్బాలో నీళ్ళు పాచి పట్టి పచ్చగా అయితాండాయి. పారబోసి, బ్రష్షుతో తోమి, ఎండబెట్టి మూత పెడతాండా. నా కొడుక్కు అది కూడా చేతగాదు."

రెండు వారాలుగా ఆ డబ్బా కొత్తదానిలా మెరుస్తోంది. చూస్తూ కూడా నా బుర్రకు తట్టలేదు.

"అది పాచి కాదమ్మా, కూలెంట్. విషం! యాడ పారబోసినావు?"

ఆమె నుదురు కొట్టుకుంది. "అందుకేనా మా కరివేపాకు చెట్టు ఎండిపాయ!"

ప్రభుదాసు బండి అమ్మే పని తప్పింది. అతను తల పట్టుకుని పగలబడి నవ్వుతుంటే నాకు మాత్రం సిగ్గేసింది. ఇంకొంచెముంటే అతని బతుకుదెరువు నా చేతుల మీదుగానే పోయేది. ఆ రోజు నుంచి ఏ బండి వచ్చినా, స్పానర్ పట్టేముందు "దీన్ని ఇంట్లో ఇంకెవరు ముట్టుకుంటారు?" అని అడుగుతున్నాను.

ఇంత చెప్పినా కరుణమ్మకు తన మీద తనకే ధీమా లేదు. "పచ్చనీళ్ళు కనపడితే నా చేయి ఊరుకోదప్పా" అంది.

పాతదంతా తీసేసి, రేడియేటర్ శుభ్రంగా ఫ్లష్ చేసి, బజారంతా తిరిగి అదే రకం కూలెంట్ గులాబి రంగులో దొరికితే తెచ్చి పోశాను. రంగు చూసి కొనొద్దని ఊరందరికీ చెప్పే నేను, ఆ రోజు రంగు చూసే కొన్నాను.

కరుణమ్మ డబ్బాలోకి తొంగి చూసి తృప్తిగా తలూపింది.

"ఇట్లుండాల నీళ్ళంటే!"