నా పాటలో వాళ్లు కలిపిన సితార్

పుట్టి బుద్ధెరిగి నేను సితార్ ముట్టుకోలేదు. ఈ సంగతి ఎంతమందికి చెప్పానో, ఇంకా చెబుతూనే ఉన్నాను.

నేను అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో పుట్టాను. మా వీధి చివరింట్లో ఒక తెలుగు ఆంటీ ఉండేవారు. వాళ్ల గరాజ్ పైగదిలో నేల మీద కూర్చోబెట్టి నాకు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్పింది ఆవిడే. అదే వయొలిన్‌ని బడిలో నిలబడి పాశ్చాత్య పద్ధతిలో వాయించేదాన్ని. పక్కింటి పెద్దాయన వరండాలో బాంజో నేర్పాడు, గిటార్ లాంటిదే, ఇక్కడి పల్లెపాటల వాయిద్యం. గిటార్, డ్రమ్స్ నా అంతట నేనే పట్టుకున్నాను. కాలేజీ అయ్యాక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో కారేసుకుని ఊరూరా కాఫీ షాపుల్లో నా పాటలు పాడేదాన్ని. స్టేజి ఎక్కిన ప్రతిచోటా సౌండ్ చూసుకునే మనిషి అడిగే మాట ఒక్కటే: "గిటార్ వాయించే ఆయన ఇంకా రాలేదా?"

అలా తిరుగుతుండగా నాష్‌విల్‌లో ఒక నిర్మాత నా పాటలు విని ఆల్బమ్ చేద్దామన్నాడు. వెళ్లాను. పాటలన్నీ నావే, వాయిద్యాలన్నీ నేనే వాయించాను. వాటిలో నాకు ప్రాణమైన పాట మా అమ్మ గురించి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో అమ్మ భయపడుతూ డ్రైవింగ్ నేర్చుకోవడం, వెనక సీట్లో చిన్నపిల్లగా నేను. అందులో గొంతు, బాంజో, వయొలిన్ తప్ప ఇంకేమీ పెట్టలేదు.

కొన్ని వారాలకి పూర్తయిన పాట పంపారు. అమ్మతో సరుకులకి వెళ్తూ కారులో పెట్టాను. మొదటి చరణం అయ్యీ కాకముందే జుంయ్‌మంటూ సితార్ మోగింది.

"ఇదేంటే? ఎవరు వాయించారిది?" అంది అమ్మ.

"నేను కాదమ్మా."

"మరి నీ వయొలిన్ ఏదీ?"

చివరిదాకా విన్నాం. వయొలిన్ ఎక్కడా లేదు. కారు పక్కకి ఆపి నిర్మాతకి ఫోన్ చేశాను. అమ్మ వింటుందని స్పీకర్‌లో పెట్టాను.

"నీ మూలాలు వినిపించాలి కదా," అన్నాడు, ఎంతో ప్రేమగా.

"నా మూలాలు క్యారీలో ఉన్నాయి. మీరు తీసేసిన వయొలిన్‌లో ఉన్నాయి."

"అదా? చాలా చోట్ల శ్రుతి తప్పింది. సరిచేయడం కుదరక తీసేశాం."

నా చెవులు నేనే నమ్మలేకపోయాను. అతను శ్రుతి తప్పిందన్నవి గమకాలు! స్వరం మీద స్వరం జారుతూ, ఊగుతూ వెళ్లే ఆ పలుకు కోసం ఆంటీ దగ్గర వేళ్లు కాయలు కాసేదాకా కూర్చున్నాను. ఆ పాట మొత్తంలో తెలుగింటి నుంచి వచ్చిందంటూ ఏదైనా ఉంటే అదే. దాన్ని తప్పని తీసిపారేసి, నాకు సంబంధమే లేని వాయిద్యాన్ని నా మూలాలని నాకే అంటగట్టాడు. అడగను కూడా అడగలేదు.

"సితార్ తీసి వయొలిన్ పెట్టండి. లేకపోతే ఈ ఆల్బమ్ మీద నా పేరు వద్దు," అన్నాను.

ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాను. నాన్నకి మాత్రం నా కోపం అర్థం కాలేదు.

"ఇంత చిన్న విషయానికి గొడవెందుకమ్మా? కొంచెం అడ్జస్ట్ అవ్వొచ్చు కదా. మళ్లీ ఇలాంటి ఛాన్స్ రాదు."

"ఏంటండీ అడ్జస్ట్ అయ్యేది?" అమ్మ గయ్‌మంది. "దాని వాయింపు శ్రుతి తప్పిందన్నాడు వాడు! నేను నా చెవులతో విన్నాను!"



నాష్‌విల్ వాళ్లు ఆల్బమ్ ఆపేశారు. రికార్డింగులు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి గానీ పాటలు నావి. ఆ వేసవిలో కార్లు బయటపెట్టి, మా గరాజ్ గోడలకి బొంతలు వేలాడదీసి, అన్నీ మళ్లీ వాయించాను. హోరు వినిపిస్తుందని అమ్మ ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చునేది. పక్కింట్లో గడ్డి కోసే మిషన్ మొదలైనప్పుడల్లా నాన్నే వెళ్లి, "మా అమ్మాయి రికార్డింగ్ అవుతోంది, కాసేపు ఆగుతారా?" అని బతిమాలి వచ్చేవాడు.

ఆ ఆల్బమ్ నేనే విడుదల చేశాను. పెద్ద పేరేమీ రాలేదు. అయితే రేడియోల్లో వేశారు, చిన్న చిన్న హాళ్లకి పిలిచారు. మెల్లగా ల్యాబ్ ఉద్యోగం వదిలేసి పాటల మీదే బతికే స్థితికి వచ్చాను.

ఈమధ్య ఒక పెద్ద సంగీతోత్సవానికి పిలుపొచ్చింది. వాళ్లు పంపిన పోస్టర్‌లో బాంజో పట్టుకున్న నా ఫోటో వెనక నెమలి ఈకలు, తామరపువ్వులు, ఒక ఏనుగు. మళ్లీ ఫోన్ తీశాను.

"ఏనుగైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఎవరు కావాలో చెప్పండి," అన్నాను.

క్షమాపణ చెప్పి బొమ్మలు తీసేశారు. వెళ్లి పాడాను, జనం నిలబడి చప్పట్లు కొట్టారు. అంతా బాగానే జరిగింది. అయినా నా కోపం తగ్గలేదు. అసలు ఆ ఫోన్ నేనెందుకు చేయాలి? నా ముందు అదే స్టేజి మీద బాంజో వాయించిన తెల్లాయన పోస్టర్‌లో ఏ జంతువూ లేదు.