ఆనప పిందెలు, నా చూపుడు వేలు

నా చిన్నప్పుడు మేము మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేటప్పుడు మా నాయనమ్మ ఆనప గింజలు, అంటే సొర విత్తనాలు, గుడ్డలో మూటగట్టి తెచ్చింది. వాటిని పెరట్లో నాటి, నీళ్ళు పోసే పని నాకు అప్పగించింది. తీగ పందిరెక్కి పిందె వేయగానే నేను వేలు చాచి చూపించబోతే నా చెయ్యి లాగేసింది.

"వేలెట్టి సూపకే గుంటా, పిందె కుళ్ళిపోద్ది."

మా వైపు అందరూ నమ్మే మాటే అది. నేనేమో చెప్పిన మాట వినే పిల్లను కాదు. ఆవిడ లోపలికి వెళ్ళగానే మూడు పిందెలనూ వేలు పెట్టి చూపించాను. వారం తిరక్కుండా మూడూ పండుబారి రాలిపోయాయి.

ఆ నెలలోనే మా అమ్మకు మగపిల్లాడు పుట్టాడు. వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజు పక్క క్వార్టర్ల పిల్లలందరినీ గుమ్మం దగ్గరకు పిలిచి, "అడుగో మా తమ్ముడు" అని వేలు పెట్టి చూపించాను. తొమ్మిదో రోజు వాడు పాలు తాగడం మానేశాడు. ఆస్పత్రికి ఎత్తుకెళ్ళిన నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు.

నాయనమ్మ ఆ తప్పును పక్కింటి అక్క మీద వేసింది. అక్కకు పిల్లలు లేరు. బాబును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసిందట, ఆ చూపే తగిలిందట. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పి, రెండు పెరళ్ళ మధ్య తలుపుకు గొళ్ళెం పెట్టేసింది. చంపింది నేనేనని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. మాట అక్క మీదకు పోయినందుకు కాస్త ఊరటగా కూడా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చూపుడు వేలికి గుడ్డపీలిక చుట్టుకుని తిరిగాను. ఆ దుఃఖంలో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నాయనమ్మ గుడికి వెళ్ళిన ఒక సాయంత్రం, నేను పాదుకు నీళ్ళు పోస్తుంటే గోడ అవతల నుంచి అక్క అడిగింది, "వేలు తెగిందా బిడ్డా?" అని. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

అక్క నా చేత గొళ్ళెం తీయించి లోపలికి వచ్చి, నా వేలి గుడ్డ విప్పింది. ఆనప పువ్వులు విచ్చుకునే వేళ అది. కింద పిందె లేని పువ్వొకటి కోసి, దాని పుప్పొడి నా వేలికి అద్దింది.

"గిది మగ పువ్వు. దీని పొడి అంటకుంటే పిందె రాలుతది. పురుగులు రాకుంటే మనమే అంటియ్యాలె. నీ వేలుతోనే రాయి. రోజూ వచ్చి గదే వేలుతోని సూపెట్టు."

కింద పిందె ఉన్న రెండు పువ్వులకు రాశాను. అప్పుడే అడిగాను, మరి తమ్ముడెందుకు పోయాడని. దేవుడు తీసుకుపోయాడని చెప్పి ఊరుకోబెట్టి ఉండొచ్చు. అక్క అలా చేయలేదు.

"అది నాకు ఎరుక లేదు బిడ్డా. నీ వేలుతోని మాత్రం కాలే. నా కండ్లతోని సుత కాలే."

రోజూ వేలు పెట్టి చూపించాను. రెండు పిందెలూ నిలిచి చేతి పొడవు కాయలయ్యాయి. మొదటి కాయ కూర వండిన రోజు, అక్క తప్పేమీ లేదని నాయనమ్మకు చెప్పాలని కూర్చున్నాను. తమ్ముడు పోయాక మా అమ్మ కడుపునిండా తిన్నది ఆ పూటే. ఆ ముఖం చూసి మాట మింగేశాను. రేపు చెబుదాం అనుకున్నాను. అలా చాలా రేపులు గడిచాయి. ఈలోగా అక్క భర్తకు బదిలీ అయింది. సామాను లారీ కదిలేటప్పుడు అక్క మా ఇంటి వైపు చూసింది. తలుపు మూసే ఉంది. నేను కిటికీ వెనక నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో మా డాబా మీద ఆనప పాదు ఉంది. సాయంత్రం పూట పువ్వులకు పుప్పొడి నా వేలితోనే అద్ది, మా మనవరాలికి ఒక్కో పిందెనూ వేలు పెట్టి చూపిస్తాను. ఇది నీకెవరు నేర్పారని మొన్న అడిగింది. చెప్పాను. అక్క చూపు ఎవరికీ తగల్లేదని కూడా చెప్పాను. ఆ మాట వినాల్సినవాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు.