వెనకాల చెయ్యి

పక్షవాతం వచ్చిన ముసలివాళ్లకు మళ్లీ నడక నేర్పే ఆమెను అందరూ నడకమ్మ అంటారు. నేర్పేటప్పుడు వాళ్ల నడుము వెనకాల, తగలకుండా, చెయ్యి చాపి ఉంచుతుంది. వాళ్లలో ఒకడైన దర్జీ తాత తల తిప్పకుండానే అడిగేవాడు, "ఉన్నావామ్మా?"

"ఉన్నా తాతా, నడువు."

ఏడాదికి ఇన్నిసార్లేనన్న పరిమితి అయిపోయిందని బీమా కంపెనీ అతని చికిత్స ఆపేసింది. ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర తాత అలవాటుగా అదే మాట అడిగి, అడుగు వేశాడట. పడ్డవాడు మళ్లీ లేవలేదు.

అప్పటినుంచి ఆమె చెప్పులరిగేలా ఆ కంపెనీ చుట్టూ తిరుగుతోంది. ఈరోజు ఇంకో ముసలామె కోసం వచ్చింది.

"ఆవిడ నడుస్తోందిగా, ఇంకెన్నాళ్లండీ?" అన్నాడు అధికారి.

"నేను వెనకాలుంటే నడుస్తోంది. మీరు తీసేసేది నన్నేగా."

అతను ఫైలు మూసేశాడు. ఆమె లేచింది. తలుపు వైపు తిరగగానే, ముందునుంచి పోయిన తాత గొంతు వినిపించింది, "ఉన్నావామ్మా?"

"ఉన్నా తాతా, నడువు," అంది.

తలుపు దాటేదాకా ఖాళీ గాలి వెనకాల చెయ్యి చాపే నడిచింది.