ఫొటో మీద బొట్టు

సోమనర్సయ్యంత జాగ్రత్త మనిషిని మా దంతాలపల్లిలో నేను ఇంకొకర్ని చూడలేదు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి లాగి చూసే రకం. ఏళ్ళ తరబడి గల్ఫ్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. వెళ్ళే ప్రతిసారీ శంషాబాద్‌లో దింపేది నేనే. నా పేరు ధర్మేందర్, కిరాయి కారు నడుపుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఉంటే ఉండనీ.

ఈసారి అతని సెలవు సాగిపోయింది. తల్లి ఐలమ్మ కంటికి వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేయించి, ఆమె కోలుకునేదాకా ఉండిపోయాడు. ఆరు నెలలు దాటకముందే మళ్ళీ అక్కడ దిగకపోతే ఆ దేశంలో ఉండే అనుమతి పోతుంది, దాంతోపాటు పనీ పోతుంది. మేం బయల్దేరిన మర్నాటితో ఆ గడువు తీరిపోతుంది.

"ఇయ్యాల పోకుంటే ఖతమే తమ్మీ," అని జనగామ దాటేలోపు ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

"గిప్పుడు నిన్నెవడు ఆపుతడే అన్నా? ఊకె పరేషాన్ గాకు," అని విసుక్కున్నాను.

ఎయిర్‌పోర్టు ముందు దిగి, గేటు దగ్గర చూపించడానికి సంచిలోంచి పాస్‌పోర్టు తీశాడు. తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఫొటోలో అతని నుదుటి మీద ఎర్రటి బొట్టు.

ప్రతిసారీ బయల్దేరే పొద్దున ఐలమ్మ పాస్‌పోర్టును దేవుడి దగ్గర పెట్టి, అట్ట మీద ఇంత పసుపు రాసి కొడుకు చేతికిస్తుంది. ఈసారి చూపు బాగుపడింది కదా, లోపలి పేజీ తిప్పి, కొడుకు మొహం వెతికి, తడి కుంకుమ సరిగ్గా నుదుటనే పెట్టింది. రాత్రే అన్నీ చూసి పెట్టుకున్న మనిషి, పొద్దున మళ్ళీ తెరవలేదు. బొట్టు ఎండి గట్టిపడింది.

"జర ఆగన్నా. తడిబట్టతోటి మెల్లగ తుడుద్దాం," అన్నాను.

వింటేనా! ఉమ్మి రాశాడు, రుద్దాడు, గోటితో గీకాడు. కుంకుమ పోయింది. దాంతోపాటు ఫొటో మీది సన్నటి పొర లేచి, నుదుటి దగ్గర తెల్లగా చిరిగింది. అతను ఆ పొరను బొటనవేలితో అదుముకుంటూ లోపలికి నడిచాడు. నాకు వెళ్ళబుద్ధి కాక అక్కడే నిలబడ్డాను.

లోపల జరిగింది తర్వాత అతనే చెప్పాడు. విమానం కంపెనీ కౌంటర్‌లోని అమ్మాయి ఆ పేజీని వేలితో తడిమి, పై అధికారిని పిలిచింది. ఆయన గట్టిగా కూడా మాట్లాడలేదట.

"ఫొటో మార్చడానికి చూసినట్టుంది. దీంతో మిమ్మల్ని అక్కడ దిగనివ్వరు, మేం ఎక్కించుకోలేం. పాస్‌పోర్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత ప్రయాణికుడిదే," అన్నాడు.

"నా మొకమే సారూ, జూడున్రి," అని మొహం ముందుకు చాపాడట. అంతలోనే, దొంగ పాస్‌పోర్టని పోలీసులను పిలుస్తారేమోనని భయపడ్డాడు. ఇంక బతిమాలలేదు. సంచి తీసుకుని గబగబా బయటికొచ్చేశాడు.

కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి గడువు దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు. తిరుగుదారిలో అతను పాస్‌పోర్టు దాచుకున్న చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంటికి పోంగనే అవ్వను అడుగుత. పేజీ తిప్పి బొట్టు ఎవలు పెట్టుమన్నరని అడుగుత," అన్నాను.

అతను నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. కారు పక్కకు తీసి ఆపాల్సి వచ్చింది. గేటు దగ్గర కూడా ఆ కళ్ళల్లో నేను అంత భయం చూడలేదు.

"వద్దు తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత. గీకింది నేను, చింపుకున్నది నేను. వీసాల తేడా వచ్చిందని చెప్త, నువ్వు గూడ గదే చెప్పు. అవ్వకు తెలిసిందంటే, గా చెయ్యి మల్ల ఎవల నొసటికీ పోదు."