మంగళవారం ఆగిపోయే జీపు

మా బాబాయి రోజూ తెల్లవారగానే దేవుడికి దండం పెట్టుకుని, ఆ చేతులతోనే వెళ్లి జీపు ముందు గొంతుక్కూర్చునేవాడు. మొహం కడగడం, పిన్నిని పలకరించడం అన్నీ ఆ తరువాతే. బాబాయి పశువుల డాక్టరు. అందుచేత జీపును కూడా పశువును చూసినట్టే చూసేవాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి "రాత్రి చలేసిందా అమ్మా?" అనేవాడు. తరువాత నేలకు వంగి, రాత్రంతా కారిన నూనె చుక్కలు పరీక్షించేవాడు.

"మూడు చుక్కలు. జీర్ణం బాగుంది."

"ఒక్క చుక్కా పడకపోతే?" అని ఒకసారి అడిగాను.

"అప్పుడు భయపడాలిరా. లోపల నూనే లేదన్నమాట."

ఆ జీపు నాకంటే పదేళ్లు పెద్దది. పాదాల దగ్గర రేకు చిల్లిపడి కింద రోడ్డు కనిపించేది. మూయించమంటే, "రోడ్డు మీదున్నామో లేదో తెలియాలి కదరా," అనేవాడు. వానొస్తే వైపర్లు వాటంతటవి కదిలేవి కావు. పక్కన కూర్చున్నవాడు కిటికీలోంచి తాడు లాగాలి. ఆ ఉద్యోగం నాది. కాస్త కునుకు తీశానంటే, "ఒరే, లోకం కనపడ్డం లేదు!" అని కేక పడేది. మూడో గేరు నిలవాలంటే మటుకు పిన్ని మోకాలితో నొక్కిపట్టాల్సిందే.

"పెళ్లయి పాతికేళ్లయింది. నేను ఈయన భార్యనో, ఆ బండి విడిభాగాన్నో ఇప్పటికీ తెలియడం లేదు," అనేది పిన్ని. ఆవిడ బళ్లో లెక్కల టీచరు. తేలని లెక్కంటే ఆవిడకు పడదు.

ఇంత ముసలి జీపూ వాగుల్లో, బురదలో, గట్ల మీద మేకపిల్లలా పోయేది. ఎక్కడో పొలాల మధ్య ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటే కొత్త బళ్లు ఆగిన చోటు దాటి ఇదొక్కటే వెళ్లేది. కాని మంగళవారం వచ్చిందంటే ఆగిపోయేది, పిన్ని బడికి నడిచి వెళ్లేది. పోయిన మంగళవారం ఆగింది, అంతకు ముందు మంగళవారమూ ఆగింది. మా చుట్టుపక్కల ఆవులు కూడా ఇది గ్రహించి మంగళవారాలు ఈనడం మానేశాయని చెప్పుకునేవారు.

పిన్ని ఓపిక చచ్చి, ఒక ఆదివారం కొత్త జీపులమ్మే అబ్బాయిని ఇంటికి రప్పించింది. వాడు మెరిసిపోతున్న బండిని వాకిట్లో నిలబెట్టాడు.

"సీట్లు వాటంతటవే వెచ్చబడతాయి సార్."

"మావీ వెచ్చబడతాయి బాబూ. ఇంజను వేడంతా కాళ్లకే."

"దారి తనే చెబుతుంది సార్. ఎవర్నీ అడగక్కర్లేదు."

"దారి అడిగే వంకతోనేగా నాలుగిళ్ల వాళ్లను పలకరించేది! అది చెప్పేస్తే నేనెవరితో మాట్లాడాలి?"

"బురదలో ఏ చక్రం ఎంత తిరగాలో కూడా అదే చూసుకుంటుంది."

"మరి నన్నెందుకు ఎక్కమంటున్నావు? దాన్నే పంపెయ్, పశువుకు సూది వేసి వస్తుంది."

ఆ అబ్బాయి నవ్వలేదు. బానెట్ ఎత్తి చూపించాడు. లోపల నల్లటి మూత తప్ప ఏమీ లేదు. బాబాయి అటూ ఇటూ వంగి చూసి, "దీనికి నోరెక్కడ? నొప్పెక్కడో ఎలా చెబుతుంది?" అన్నాడు. సరే, నడిపి చూడమన్నారు. పిన్ని పెద్ద గుమ్మడికాయ ఒకటి పక్క సీట్లో పెట్టింది, బడి ఆయమ్మ ఇంట్లో దింపేసి రమ్మని. అది మొదలు, ఆ సీటుకు బెల్టు పెట్టలేదని బండి ఒకటే కూత. చివరికి బాబాయి గుమ్మడికాయకు బెల్టు బిగించాడు. కూత ఆగింది.

"నాపాటి గౌరవం దానికీ ఉందన్నమాట," అన్నాడు.

"అయిదేళ్లదాకా చెడిపోదు సార్. నాదీ పూచీ," అన్నాడా అబ్బాయి ఆఖరి అస్త్రంగా.

బాబాయి మొహం వాడిపోయింది. "అయిదేళ్లా! అయిదేళ్లపాటు ఒక్క మనిషితో పనే పడదా?"

ఆ మాటతో పిన్ని తేల్చేసింది. "చూడండీ. నెల రోజులు మీ జీపు ఆగకుండా నడిస్తే, దాన్ని ఇంట్లోకి తెచ్చి మంచమెక్కించుకోండి, నేనడగను. ఒక్కసారి ఆగిందా, మర్నాడే ఈ కొత్తది వస్తుంది."

బాబాయి తలూపాడు. ఆ రెండు రోజులూ ఆయన దండాలు మామూలుకంటే పొడుగ్గా సాగాయి.

మంగళవారం నేనూ వెంట వెళ్లాను. జీపు గుర్రంలా పోతోంది. మెకానిక్ షెడ్డు ఇంకో మలుపు ఉందనగా బాబాయి బండి ఆపి, "వెనక టైరు చూసిరారా," అన్నాడు. చూశాను, రాయిలా ఉంది. తలెత్తేసరికి బానెట్ లేచి ఉంది. బాబాయి అటూ ఇటూ చూసి, లోపలున్న ఒక వైరును తన చేత్తో తనే పీకేస్తున్నాడు!

"బాబాయ్! పిన్ని పందెం?"

"అరవకురా. తొయ్యి."

షెడ్డు దాకా తోశాను. అక్కడ గోడ మీద పానాలూ స్క్రూడ్రైవర్లూ వరసగా వేలాడుతున్నాయి. పనిముట్లు అంత శుభ్రంగా ఉన్న షెడ్డు నేను చూడలేదు. కొత్త బళ్లన్నీ కంప్యూటర్లున్న పెద్ద షెడ్లకు పోతుంటే ఈ పనిముట్లకు మసి అంటేదెలా? ముసలి మేస్త్రీ మమ్మల్ని చూసి స్టూలు మీంచి ఒక్క ఉదుటున లేచాడు. బానెట్ లోపలికి తల దూర్చి, చెవి పెట్టి, వాసన చూసి, పది నిమిషాల్లో ఇంజను మోగించాడు. చేతులు తుడుచుకుంటున్నప్పుడు ఆయన నడుము నిటారుగా ఉంది.

బాబాయి సంతోషంగా నాకేసి చూశాడు. కాని మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు.

"డాక్టరు గారూ, ఈ నెలాఖరుకి షెడ్డు మూసేస్తానండీ."

"అదేంటి మేస్త్రీ!"

"నేను బాగుచేసిన బండి వారం తిరక్కుండా నా దగ్గరికే వస్తోంది. వచ్చేది ఇదొక్కటే బండి, దీన్నీ నిలబెట్టలేకపోతున్నాను. చేతిలో పనితనం పోయిందండీ."

బాబాయి తలవంచుకుని జీపెక్కాడు.

దారిలో అంతా చెప్పాడు. షెడ్డుకు బళ్లు రావడం మానేసిన ఏడాది, పిల్లలు మేస్త్రీని ఇంట్లో కూర్చోబెట్టారట. నాలుగో రోజుకే అన్నం మానేశాడట. "దున్నే ఎద్దును ఊరికే కట్టేస్తే మేత ముట్టదురా. మందేదో నాకు తెలుసు కనక వేస్తున్నాను, వారానికో మోతాదు. అది వికటించింది."

గుమ్మంలోనే పిన్ని నిలబడి ఉంది. బానెట్ మీద నల్లటి వేలిముద్రలు చూసి, "ఆగింది కదూ?" అంది.

"ఆగలేదు. ఆపాను," అన్నాడు బాబాయి. మొత్తం చెప్పేశాడు.

పిన్ని గుమ్మం దిగి వచ్చింది.

"ఎన్నాళ్లుగా?"

"నాలుగేళ్లుగా."

"అంటే నాలుగేళ్ల మంగళవారాలు నేను ఎండలో బడికి నడిచింది మీ మందు కోసమా?"

"నువ్వూ ఆ పుణ్యంలో సగం..."

"నోరుముయ్యండి." నా వైపు తిరిగింది. "ఒరే, ఆ అబ్బాయికి ఫోన్ చేసి, కొత్త బండి వద్దని చెప్పు. గుమ్మడికాయను మోసినందుకు థాంక్సని కూడా చెప్పు."

అంది గాని, పమిట చెంగుతో ఆ బానెట్ మీద మసి తుడుస్తూనే ఉంది. దేవుడు కోపాన్నీ జాలినీ ఒకే చేతికిచ్చాడనిపించింది నాకు. బాబాయి ఆ తుడవడం చూసి కాస్త ధైర్యం తెచ్చుకుని దగ్గరికొచ్చాడు.

"ఇదుగో, నాకో చిన్న సాయం చేసిపెట్టాలి."

"మళ్లీ ఏంటి?"

"వచ్చే మంగళవారం నాతో షెడ్డుకు రా. బండి నేర్చుకుంటున్నది నువ్వేనని, వారం వారం దీన్ని విరగ్గొట్టి పెడుతున్నది నువ్వేనని మేస్త్రీతో చెప్పు. ఆయన చెయ్యి బంగారమనీ, నీ చెయ్యే మొరటుదనీ, నాలుగు తిట్లు కూడా తిట్టించుకో. నేనెంత చెప్పినా నమ్మడు, లెక్కల టీచరు చెబితే నమ్ముతాడు."